గుమ్మం వైపు తిరిగిన బొమ్మ

కాసిమిరా చోకేకి కాలు ఒక చోట నిలవదు. గనుల ఊరైన మా ఓరురోలో బోర్డులు రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, నిచ్చెన మీద ఉండగానే తర్వాతి గోడ గురించి కంగారుపడేది ఆవిడొక్కతే. నేను పింఛను ఆఫీసు ఎదురుగా ఊదా మొక్కజొన్న జావ అమ్ముతాను. ఆవిడ గ్లాసు ఎప్పుడూ సగంలోనే వదిలేసి పోతుంది. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు కార్నివాల్ లోపు ఊళ్ళో బోర్డులన్నీ మార్చమని నగరసభ ఆవిడకి పని అప్పజెప్పింది. "చేతకానివారి దారి" అన్న పాత రాత చెరిపేసి "వైకల్యం ఉన్నవారి దారి" అని రాయాలి. కుర్చీలో కట్టెలా కూర్చున్న పాత బొమ్మ పోయి, ముందుకు వంగి తన చక్రాలు తనే తోసుకుపోయే కొత్త బొమ్మ రావాలి.

మా ఊరి బోర్డులవాళ్ళు బొమ్మల మీద రంగు కొట్టే అచ్చులు పాత ఎక్స్‌రే ఫిల్ముల్లోనే కోస్తారు. రంగుకి తడవవు, చిరగవు. కాసిమిరా తన తమ్ముడు ఎలోయ్ వెన్నెముక ఫిల్ము తీసింది. గని కప్పు కూలి అతని కాళ్ళు పడిపోయి పదకొండేళ్ళు.

"నా వెన్ను మీదే కత్తి పెడతావా అక్కా?"

"పెట్టెలో మూలుగుతోందిగా. ఇలాగైనా ఊరు తిరుగుతుంది."

"నాకంటే అదే నయం," అని నవ్వాడు ఎలోయ్.

ముప్ఫై ఎనిమిది బోర్డులు అయ్యాయి. మిగిలింది పింఛను ఆఫీసు. దాని ముందు ఐదు మెట్లు, ర్యాంపు లేదు. ఎలోయ్ ఆర్నెల్లకోసారి లోపలికెళ్ళి వేలిముద్ర వెయ్యాలి, లేకపోతే పింఛను ఆగిపోతుంది. కాపలావాడు అతన్ని బస్తాలా వీపున వేసుకుని ఎక్కిస్తాడు. అప్పుడు నేను జావ కలుపుతున్నట్టు తల దించేసుకుంటాను. అలాంటి గోడ మీద 'దారి' అని రాయమన్నారు, సిగ్గు లేకుండా!

కాసిమిరా కుంచె పట్టుకుని అటూ ఇటూ పదిసార్లు తిరిగింది. చివరికి అచ్చు తిరగేసి గోడకి ఆనించి రంగు కొట్టింది. గుమ్మం కుడివైపు ఉంటే బొమ్మ ఎడమవైపు, వీధిలోకి పోతోంది.

నగరసభ ఇంజినీరు పరుగున వచ్చాడు. "ఇదేంటమ్మా, వీడెక్కడికి పోతున్నాడు?"

"మెట్లు చూసి ఇంటికి పోతున్నాడు సారూ."

"వెటకారమా? రేపు మేయరుగారు కార్నివాల్ ఆచారం ప్రకారం దీనికి మద్యం చల్లి, రంగు కాగితాలు జల్లాలి!"

"ర్యాంపు కట్టండి, తిప్పేస్తాను."

"అది వచ్చే ఏడాది!"

"ఐతే వీడూ వచ్చే ఏడాదే తిరుగుతాడు."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ సాయంత్రం ఎలోయ్ వచ్చి ఆ గోడని చాలాసేపు చూశాడు.

"ఎవరు తిప్పారు?"

"నేనే. నీకోసమేరా."

"నాకోసం నన్ను పంపించేస్తావా? వాళ్ళు ఇన్నేళ్ళుగా చేస్తున్నదీ అదేగా. తిప్పక్కా. గుమ్మం వైపే తిప్పు."

కాసిమిరా కింది మెట్టు మీద కూలబడింది. ఆవిడ కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. తర్వాత లేచి బొమ్మ మీద సున్నం పూసింది. అది ఆరేదాకా నా జావ మొత్తం తాగి, ఈసారి గుమ్మం వైపుగా మళ్ళీ రంగు కొట్టింది.

మర్నాడు వేలిముద్రకి ఆఖరి తేదీ. మేయరు సీసా పట్టుకుని నిలబడ్డాడు. కాపలావాడు అలవాటుగా వీపు వంచాడు.

"వద్దన్నా," అన్నాడు ఎలోయ్. ముందు చక్రాలు మొదటి మెట్టుకి తగిలేదాకా కుర్చీ తోసుకెళ్ళి, చేతులు చక్రాల మీద పెట్టి ముందుకు వంగాడు. అచ్చం గోడ మీద బొమ్మే. "నా వేలు కావాలంటే కిందికి రండి. నేనైతే ఇక్కణ్ణించి పోను."

మేయరు గబగబా గోడకి మద్యం చల్లి, కాగితాలు జల్లేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నమైంది. జల్లిన రంగు కాగితాలు ఎలోయ్ ఒళ్ళో అలాగే ఉన్నాయి. కాసిమిరా అతని పక్కనే, కదలకుండా నిలబడింది. ఆఫీసు మూసే వేళకి గుమాస్తా సిరా డబ్బా పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఐదు మెట్లూ దిగి వచ్చాడు.

ర్యాంపు ఇంకా రాలేదు. కాసిమిరా రోజూ వచ్చి ఆ మెట్ల వంక చూస్తుంది, జావ సగంలో వదిలేసి పోతుంది. నాకిప్పుడు ఒళ్ళు మండదు.