ముగ్గుపిండితో గీసిన ఇల్లుబండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు, పందొమ్మిదేళ్లు మరి. (బడికి పోకుండా అమ్మ దగ్గరే చదువుకున్నాను కనుక, పక్కవాళ్లతో పోల్చి చూసుకునే బాధ కూడా లేదు.) సూరత్‌లో డిండోలి దాటాక మా మేనమామకు బస్సులకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు కూర్చోలేని అమ్మమ్మను హాయిగా పడుకోబెట్టి వేములవాడ రాజన్న దర్శనానికి తీసుకుపోవాలని, మామ ఒక పాత పెట్రోలు మినీబస్సును ఇల్లుబండిగా మారుస్తున్నాడు. ముందున్న ఇంజిన్ మోతకు అమ్మమ్మకు నిద్ర పట్టదని నా బెంగ. షెడ్డు నేల మీద అసలు కొలతల్లోనే ముగ్గుపిండితో ప్లాను గీశాను: ముందు దేవుడి అర, మధ్యలో పొయ్యి, వెనక మంచం, మంచం కింద ఇంజిన్. బండి ముందుకు పోతుంటే మోత వెనకే రాలిపోతుందని నా సిద్ధాంతం.

"కంపెనీవాళ్లకు ఈ తెలివి ఎందుకు రాలేదు మామా?" అన్నాను. మామ నవ్వలేదు. ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి చూశాడు. (ఆ మర్యాదకు ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.) "వచ్చింది బిడ్డా. వచ్చినంక భయపడ్డరు," అని, బయట ఎండలో ఉన్న పాత వ్యాన్ స్టార్ట్ చేసి, సరిగ్గా ఇంజిన్ మీదున్న సీటులో నన్ను కూర్చోబెట్టాడు. "నూటెనిమిది నామాలు చదువు. లేవకుండ చదివితే ఇంజిన్ ఎనకకే పెడ్త."

ఇరవయ్యో నామం దగ్గర దేవుణ్ణి నడిమధ్యలో వదిలేసి కిందికి దూకాను.

"ఏందిరా, పోరిని గిట్ల ఉడకబెడ్తున్నవ్?" అని అమ్మమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

"నీకోసమే అవ్వా!" అని మామ నావైపు తిరిగాడు. "పెట్రోల్ ఇంజిన్‌ది ఒకటే సెగ బిడ్డా. ముందుంటే ఎదురుగాలికి సల్లవడ్తది. ఎనకకు గాలి యాడికెల్లి వస్తది? పెద్ద ఫ్యాన్లు, పొడుగు పైపులు కావాలె. రిపేరొస్తే అవ్వను లేపి, మంచం లేపి సూడాలె. డీజిల్ పెద్దబస్సు సంగతి ఏరు, అది పుట్టుడే గట్ల పుడ్తది. దీనికి కొత్తగ అన్నీ చేసినా కొనేటోళ్లు నలుగురన్న ఉండరు. గందుకే ఎన్కాముందాడ్తరు."

ఇంజిన్ ముందే ఉండిపోయింది. వెనక మెత్తటి పరుపు వేశాం. తీరా బయల్దేరాక, ఊరు దాటకముందే అమ్మమ్మ లేచి, నా భుజం పట్టుకుని ముందుకు వచ్చి, డ్రైవింగు చేస్తున్న మామ పక్కన ఇంజిన్ మూతకు మోకాళ్లు ఆనించి కూర్చుంది. "అబ్బ, కాపడం పెట్టినట్టున్నది కొడకా! గీ సుకం ఇడిసి ఎనక పండాల్నా?" అంది. దారి పొడుగునా ఆ మోతలోనే రాజన్నను తలుచుకుంటూ, ఒక్కసారైనా 'అమ్మా' అని మూలగలేదు. (వెనక పరుపు మీద ఎవరు నిద్రపోయారో అడగకండి.)

ఇప్పుడు మెట్లెక్కితే నా మోకాళ్లూ పలుకుతున్నాయి. ఏ బస్సెక్కినా ఇంజిన్ పక్క సీటే అడుగుతాను. "అక్కడ మోత కదమ్మా," అని పిల్లలు అన్నప్పుడల్లా, పందొమ్మిదేళ్ల పిల్లొకతి ముగ్గుపిండి చేతులతో వచ్చి, ఆ ఇంజిన్‌ను ఎక్కడ పెట్టాలో చెప్పబోతుంది. చెప్పనిస్తాను. పాపం, దానికి అన్నీ తెలుసు.