చిమిండైంగ్‌లో ఎవరూ అడగని ముగింపు

రంగూను వెళ్తున్నానని చెబితే కంచరపాలెంలో మా బర్మా క్యాంపు వాళ్లందరూ అన్నది ఒకటే మాట: ఇప్పుడా? అక్కడ సైన్యం గద్దెనెక్కి రెండేళ్లు దాటింది. వీధుల్లో ఊరేగింపులు అణిగాయి గాని గొడవ అణగలేదు. ఫోను కలిస్తే అదే పదివేలు. పైగా నేను వెళ్తున్న పని వింటే నవ్విపోతారని అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక కొరియా సీరియల్ చివర ఏమైందో మా చిన్నమ్మకు చెప్పి రావడానికి బయలుదేరాను.

అమ్మ, చిన్నమ్మ రంగూనులోనే పుట్టారు. తాతయ్యది రేవులో పని. ఇండియా వాళ్లంతా తిరిగి వచ్చేసిన రోజుల్లో అమ్మ ఓడెక్కి విశాఖపట్నం చేరి, అలా వచ్చినవాళ్లకిచ్చిన బర్మా క్యాంపులో కుదురుకుంది. చిన్నమ్మ రూతు మాత్రం మనసుపడ్డవాణ్ణి చేసుకుని అక్కడే ఉండిపోయింది. రేవు గట్టు మీదే అక్కాచెల్లెళ్ల ఆఖరి చూపు. ముసలితనంలో ఫోన్లో ముఖాలు చూసుకునే రోజులొచ్చాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మాట్లాడుకునేవారు. మొదట్లో చచ్చిపోయినవాళ్ల పేర్లు చెప్పుకోవడం తప్ప వాళ్లకు మాటలు ఉండేవి కావు. అప్పుడు ఈ సీరియల్ దొరికింది.

విలువిద్య పోటీల కథ అది. నూడుల్స్ కొట్టు నడిపే ఒకావిడ కూతురు విల్లు నేర్చుకుంటుంది. నేర్పేవాడు ఒకప్పటి ఛాంపియను, కళ్లు పోతున్నాయని ఎవరికీ చెప్పడు. ఇక ఏడుపుకు కొదవేముంది. చిన్నమ్మకు టీవీలో బర్మా అక్షరాలతో వచ్చేది, అమ్మ ఫోన్లో తెలుగు మాటలతో చూసేది. ఒకరు చూసినంతే ఇంకొకరు చూసేవారు, ముందుకు పోయేవారు కాదు.

పోయిన శీతాకాలం అమ్మ మంచం పట్టింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక పూట నా చెయ్యి పట్టుకుని, ఆ కథ చివరేమైందో రూతికి చెప్పి రా, దాని ఎదురుగా కూర్చుని చెప్పు అంది. సరేనన్నాను. ఆ వారమే అమ్మ వెళ్లిపోయింది.

నేను సీరియళ్లు చూసే మనిషిని కాను. ముప్పై ఏళ్లు బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చున్నాను. దారిలో ఏమేం ఊళ్లు తగులుతాయో నన్నెవరూ అడగలేదు, బస్సు ఎప్పుడు చేరుతుందనే అడిగారు. అలవాటుకొద్దీ ఈ సీరియల్ని కూడా అలాగే చూశాను. మొదలు కాస్త చూసి, మధ్యదంతా వేలితో తోసేసి, చివరి రెండు భాగాలు శ్రద్ధగా చూసి, ముగింపు మనసులో పెట్టుకుని బ్యాగు సర్దాను.

వెళ్లేవాళ్ల కోసం వివరాలు చెబుతాను. వీసా ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో వచ్చింది, యాభై డాలర్లు. కలకత్తా నుంచి విమానం రానూపోనూ ముప్పై వేలు దాటింది. డాలరు నోట్ల మీద ఒక్క మడత ఉన్నా అక్కడ తీసుకోరు. నేను బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టి పట్టుకెళ్లాను, ఒక్కటీ నలగలేదు. విశాఖలో మధ్యాహ్నం రైలెక్కితే తెల్లవారుజామున హౌరా. స్టేషన్లో రెండు ఇడ్లీలు యాభై రూపాయలు, వాటి సంగతి మాట్లాడకపోవడమే మేలు.

విమానంలో నా పక్కన గయ యాత్ర చేసి తిరిగెళ్తున్న బర్మా ఆవిడ కూర్చుంది. నాకు పులియబెట్టిన తేయాకు, వేయించిన పప్పులు కలిపిన పొట్లం పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో నా ఫోను చూపించమంది. ఫొటోలన్నీ ఒక్కొక్కటీ చూసి, వార్తల బొమ్మ ఒకటి కనబడితే తుడిపేయించింది. రోడ్డు మీద ఆపి ఫోన్లు చూస్తారట. ఆవిడ అదంతా గొడుగు తెచ్చుకున్నావా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి అక్కడి గడియారం గంట ముందుంది. టాక్సీవాడు పదిహేను వేలన్నాడు. వేలు అనేసరికి వెనక్కి తిరగబోయాను, తీరా అవి చాట్లు, అక్కడి డబ్బు. చుట్టాలింట్లో రాత్రి పడుకోవడానికి లేదు, వార్డు ఆఫీసువాళ్లు ఎప్పుడైనా వచ్చి ఇంట్లో తలలు లెక్కపెడతారు. అందుకని ఊళ్లోనే సంచౌంగ్ పేటలో చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. రోజుకు పాతిక డాలర్లు, పొద్దుటి చేప పులుసు సేమ్యా, అదే మొహింగా, కలిపి. కరెంటు వచ్చినప్పుడు వస్తుంది. లిఫ్టు ఉందని బోర్డు ఉంది గాని దాన్ని నమ్ముకోవద్దు.

మర్నాడు తొమ్మిదింటికల్లా చిన్నమ్మ వాళ్ల పేట చిమిండైంగ్ చేరాను. నది పక్కన బజారు దాటాక చెక్క ఇళ్ల వరస ఉంది. చిన్నమ్మ కూతురు గ్రేసు సందు మొదట్లో నిలబడి ఉంది. ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేస్తోంది, నా కోసం సెలవు పెట్టింది. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడబోతే మధ్యలో బర్మా మాటలు, ఇంగ్లీషు మాటలు వచ్చి కూర్చుంటాయి.

చిన్నమ్మ గుమ్మంలోనే ఉంది. అమ్మ ముఖమే, కాస్త కుదించినట్టు. నన్ను చూసి ఏడవలేదు. నా రెండు చెవులూ పట్టుకుని చూసి, మా అక్క సెవులే అంది. అప్పుడు నేనే ఏడ్చాను.

అన్నం తిన్నాం, రొయ్యల పచ్చడి, చింతాకు పులుసు. గదిలో టీవీ ఉంది, దానిమీద అంచులు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. దాని ముందు గోడవారగా ఒకే ఒక చాప పరిచి ఉంది. నేను దానిమీద కూర్చోబోతే గ్రేసు భుజం పట్టుకుని పక్కకు జరిపింది. అలసిపోయి ఉన్నాను, కారణం అడగలేదు. చిన్నమ్మ తాంబూలం చుట్టుకుంటుండగా, అమ్మ నాకు ఒక పని అప్పజెప్పింది చిన్నమ్మా, ఆ విల్లు కథ చివర నీకు చెప్పమంది అని మొదలుపెట్టాను.

చిన్నమ్మ అరచెయ్యి తెచ్చి నా నోటికి అడ్డం పెట్టింది. "సెప్పకు. సయామా రావాల."

సయామా అంటే అక్కడ టీచరమ్మ. పక్కింటావిడ, బడిలో పంతులమ్మ. చిన్నమ్మకు బర్మా భాష ధారాళంగా వచ్చు గాని అక్షరం రాదు. రోజూ సాయంత్రం సయామా వచ్చి ఆ చాప మీద కూర్చుని, టీవీలో కింద పడే అక్షరాలన్నీ పైకి చదివేది. హీరోకి లావు గొంతు, హీరోయిన్‌కి సన్నగొంతు పెట్టి చదివేదట. వరసలో ఉన్న ముసలమ్మలంతా గుమ్మం దాకా కూర్చుని వినేవారు.

సైన్యం పగ్గాలు లాక్కున్న కొత్తల్లో ఒకరోజు సీరియల్ నడుస్తుండగా వీధంతా గిన్నెల మోత లేచింది. ఇంట్లో దూరిన దయ్యాన్ని గిన్నెలు కొట్టి తరిమేయడం అక్కడి పాత ఆచారం. ఊరు ఊరంతా ఆ ఆచారాన్ని సైన్యం మీదికి తిప్పింది. అప్పుడు టీవీలో ఆ ఛాంపియను పోటీలో కళ్లు మూసుకుని విల్లు లాగుతున్నాడు. సయామా మాట సగంలో ఆపి, చిన్నమ్మ వంటింట్లోంచి గరిట తీసుకుని బయటికెళ్లింది. చిన్నమ్మ కూడా చారు గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్లింది. సొట్టలుపడ్డ ఆ గిన్నె నాకు చూపించింది.

ఆ సీరియల్ వచ్చేది సైన్యం వాళ్ల చానల్లో. మర్నాటి నుంచి ఆ వరసలో ఎవరూ ఆ చానల్ పెట్టలేదు. సయామా బడికి వెళ్లనని సమ్మెలో చేరింది. కొన్నాళ్లకు ఆమె కోసం ఇంటికి వచ్చారు. అప్పటికే ఎటో వెళ్లిపోయింది. సరిహద్దు వైపని కొందరంటారు, జైల్లో ఉందని కొందరంటారు.

"అమ్మ రోజూ సాపేస్తాది, అక్కా," అంది గ్రేసు. "టీవీ టచ్ చెయ్యనివ్వదు. సయామా వచ్చాకే ఫినిష్ అంటాది."

నా జవాబు నా దగ్గర ఉండిపోయింది. కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ అడిగినవాళ్లకు చెప్పడమే తెలుసు, చెబుతానంటే వద్దన్నవాళ్లు నాకు తగల్లేదు. కాస్త పౌరుషం కూడా వచ్చింది. అమ్మ చివరిదాకా చూసి, నీ మీద జాలితో ఇంత దూరం పంపింది కదా చిన్నమ్మా అన్నాను.

చిన్నమ్మ నావైపు వింతగా చూసింది. "ఎవులు సూసినారు? మీయమ్మా? ఒలే, అది సూడ్నేదు. నానాపీసిన కాడే అదీ ఆపీసింది. సయామా వొచ్చినదాకా నాను సూడనన్నాను. అయితే నానూ సూడనే రూతీ అన్నాది."

దాదాపు రెండేళ్లు అమ్మ సాయంత్రం పూట ఫోను పట్టుకుని కూర్చునేది. పాత భాగాలే తిప్పితిప్పి చూసేదన్నమాట. ముఖమైనా చూడని ఒక బర్మా పంతులమ్మ కోసం, ఎదురుగా చూడక అరవై ఏళ్లయిన చెల్లెలి కోసం మా అమ్మ ఒక ఉపవాసం పట్టింది. పక్క గదిలో ఉన్న నాకు ఆ సంగతి తెలుసుకోవడానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

మరి నన్నెందుకు పంపినట్టు అని అడిగాను. చిన్నమ్మ తాంబూలం దవడకు జరుపుకుంది.

"పోతన్నాదని తెలిసిపోనాది. నాను ఒక్కదాన్నీ మిగిలిపోతానని ఆ ఒట్టు నించి నన్ను ఇడిపించాలనుకున్నాది. పెద్దది కదా." చాప వైపు చూసింది. "నివ్వు సెప్పీసినావనుకో, ఆ సాప సుట్టీసినట్టే. సయామా బతికున్నాదో నేదో నాకు తెల్దు. నా సేత్తో నాను సుట్టను."

మిగిలిన రోజులన్నీ పొద్దున్నే వెళ్లి చీకటి పడకముందే సంచౌంగ్ వచ్చేయడం. ఆదివారం తెలుగు క్రైస్తవుల గుడికి తీసుకెళ్లారు, జనం పలచగా ఉన్నారు గాని పాట గట్టిగానే పాడారు. బయట వెదురు గంప పెట్టుకున్నావిడ దగ్గర శనగపిండి జున్ను ముక్కలు తిన్నాం, అవి మాత్రం తినాల్సిందే. చిన్నమ్మ నాతో అమ్మ చిన్నప్పటి అల్లరంతా చెప్పింది. ముగింపు నా నాలుక మీదే ఉంది, ఎన్నోసార్లు జారబోయింది. బయలుదేరే శనివారం టాక్సీ దాకా వచ్చి నా చెయ్యి వదల్లేదు. "ఆదివారం మూడింటికి ఫోన్ సెయ్యి. సివర తప్ప ఏటైనా మాటాడు," అంది.

మింగళాడోన్ దారిలో ఒకచోట ఆపారు. సిపాయి నా ఫోను అటూ ఇటూ తిప్పి, గుడి ముందు చిన్నమ్మతో దిగిన ఫొటో చూసి తిరిగిచ్చాడు. ఆ రాత్రికి కలకత్తా, పొద్దున హౌరాలో రైలు. మీలో ఎవరైనా వెళ్తే ఆ చేప పులుసు సేమ్యా తినండి, బజారు చూడండి, నది ఒడ్డున కూర్చోండి. ఎవరి ఇంట్లోనైనా ఖాళీ చాప కనబడితే దానిమీద కూర్చోకండి. ఆ సీరియల్ చివర ఏమవుతుందో నేనిక్కడ రాయను.

భువనేశ్వర్ దాటాక మూడయింది. ఫోను కలిసింది. చిన్నమ్మ హుషారుగా ఉంది. సీరియల్లో కొట్టు ముందు వానలో నిలబడి ఆ పిల్లతో తల్లి ఏమందో చెప్పమంది. అమ్మ ఆ ముక్క తనచేత ఎన్నిసార్లో చెప్పించుకునేదట. నేను గుర్తు తెచ్చుకోబోయాను. ఆ వాన ఏ భాగంలో ఉందో, ఆ తల్లి ఏమందో నాకు తెలియదు. వాళ్లిద్దరికీ చివర తప్ప కథంతా తెలుసు, నాకు ఒక్క చివరే తెలుసు.

చూడలేదని ఒప్పుకున్నాను. చిన్నమ్మ కోప్పడలేదు. "అయితే మొదట్నించి సూసి రా. నానెక్కడికి పోతాను," అని పెట్టేసింది.

చిలకా సరస్సు పక్కన రైలు నిదానించింది. ఫోన్లో మొదటి భాగం పెట్టాను. అందులో నేను తోసేసిన చోట ఆ అమ్మాయి విల్లు తలకిందులుగా పట్టుకుని అందరి ముందూ నవ్వులపాలవుతుంది. అది చూడగానే గుర్తొచ్చింది. ఒక సాయంత్రం అమ్మ తన గదిలో పకపకా నవ్వి, ఒసే ఎస్తేరూ, ఇలా రా, ఈ పిల్లని చూడు అని పిలిచింది. నాకు పనుందని చెప్పి తలుపు దగ్గరగా వేశాను.