బావ బ్రేకు, అక్క పెరుగు

మా చుట్టాల పెళ్లిళ్లలో భోజనాల బంతి మీద కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు మా బావ బ్రేకు కథ ఎత్తుకుంటారు. బ్రేకు తొక్కడం రాక నెత్తి మీద పెరుగు పోసుకున్న డ్రైవరని నవ్వుతారు. ఆ కథ మొదలుపెట్టింది నేనే. అందులో సగం అబద్ధం.

తెలుగు నేల సరిహద్దు దాటాక వచ్చే దుర్గాపూర్‌లో మా బావకు ఒక పాత లారీ ఉంది. కరెంటు స్టేషన్ బూడిదతో చేసిన ఇటుకలు లక్కడ్‌కోట్ దాకా తోలుతాడు. ఆ బండి బ్రేకుకు కాలి బలం తప్ప వేరే సాయం ఉండేది కాదు. లోడుతో వెళ్తుంటే సీటు మీంచి సగం లేచి, ఒళ్లంతా పెడల్ మీద వేసేవాడు. అలా తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగింది. డాక్టరు లారీ మానేయమన్నాడు.

"లారీ అమ్ముతవా, కాలు అమ్ముతవా, ఏదో ఒకటి చెప్పు" అంది అక్క.

"కాలు ఎవడు కొంటడే?" అన్నాడు బావ.

నవ్వుతూనే అన్నాడు. కానీ బండి దిగితే ఆ మనిషి ఏమవుతాడో మాకు తెలుసు. ఆదివారం ఒక్కపూట ఖాళీగా ఉంటేనే అక్క వంటింటి డబ్బాలన్నీ తారుమారు చేసేవాడు.

నాకు పద్మాపూర్ దారిలో గ్యారేజీ ఉంది. తుక్కుకు వెళ్తున్న ఒక లారీ నుంచి పవర్ స్టీరింగ్ పంపు, బ్రేకు బూస్టరు దొరికాయి. పంపు తోసే నూనె బూస్టర్‌లోకి వెళ్లి పెడల్‌కు బలమిస్తుంది, కాలికి శ్రమ తగ్గుతుంది. అవి బావ లారీకి బిగించాక, బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి నేను బండి కింద పడుకున్నాను, బావ పైన కూర్చున్నాడు. నేను "దబావ్" అంటే తొక్కాలి, "ఛోడ్" అంటే వదలాలి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం గాని, బండి పని మాత్రం హిందీలోనే నడుస్తుంది. అప్పుడు ఇంజిను ఆపి ఉంది కాబట్టి పంపు తిరగలేదు, పెడల్ పాతలాగే గట్టిగా ఉంది. ఇంజిను నడుస్తుంటే అది ఎంత మెత్తగా దిగుతుందో బావకు తెలియలేదు.

బ్రేకు పని అయ్యాక ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఓనరు చేత బండి కదిలించడం మా ఆనవాయితీ. అంతకంటే ముందు మెకానిక్ తోలి చూడాలి. ఆ రోజు ఇటుకల కాంట్రాక్టరు వచ్చి నిలబడ్డాడని, తొందరలో నేను తోలలేదు. అక్క ఒళ్లో పెరుగు గిన్నెతో బావ పక్కన కూర్చుంది. పూజయ్యాక అందరికీ పెరుగన్నం పెట్టాలని ఆమె ఆలోచన.

"ఎట్ల తొక్కాలె?" అని అడిగాడు బావ.

"ఎప్పటి లెక్కనే తొక్కు బావా" అన్నాను.

నిమ్మకాయలు నలిగాయి. లారీ గేటు దాకా వెళ్లింది. బావ అలవాటుగా లేచి ఒళ్లంతా పెడల్ మీద వేశాడు. లారీ మేకు కొట్టినట్టు ఆగింది. గిన్నె ఎగిరి అద్దానికి తగిలి తిరిగొచ్చింది. పెరుగంతా బావ నెత్తిన పడింది.

"బ్రేకు మంచిగనే పట్టింది తమ్మీ" అంది అక్క, ఖాళీ చేతులు చూసుకుంటూ.

అందరం నవ్వాం. కాంట్రాక్టరు మాత్రం "గాడీ ఠీక్ హై. డ్రైవర్ బదలో" అన్నాడు, బండి బాగానే ఉంది, డ్రైవరునే మార్చమని.

అప్పుడు నోరు విప్పాల్సింది నేను. గ్యారేజీ పేరు పోతుందని "ఆయన కాలే గట్ల, ఏం జేస్తం" అన్నాను. బావ మీసాలు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. 

కాంట్రాక్టరు లోడు ఇవ్వడం మానేశాడు, లారీ బావ ఇంటి ముందు నిలబడిపోయింది. కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసి, "మీ బావ పప్పు డబ్బల ఉప్పు పోసిండు" అంది. నాకు నవ్వు రాలేదు. మర్నాడే కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి తోలి చూడకుండా బండి ఇచ్చిన తప్పు నాదని చెప్పాను. నమ్మలేదు. అయితే ఎక్కి చూడమని ఆయన్నే లారీలో కూర్చోబెట్టి, ఒళ్లో అక్క పెరుగు గిన్నె పెట్టాను. నిండా ఇటుకలతో బావ రాజురా దాకా తోలాడు, పెడల్‌ను కాలి వేళ్లతో తాకుతూ. మీగడ కూడా చెదరలేదు. దిగేముందు కాంట్రాక్టరు చెంచా అడిగాడు.

లోడు మళ్లీ వచ్చింది. చుట్టాల దగ్గర మాత్రం నేను కథ మార్చలేదు, నవ్వులు బాగా వస్తున్నాయని. మొన్న ఒక పెళ్లిలో కొత్త అల్లుడొకడు ఆయన్ను "పెరుగు డ్రైవర్" అన్నాడు. బావ నవ్వి, విస్తరిలోకి తల వంచుకున్నాడు. ఆ రాత్రే కాగితం, కలం తీశాను.

అసలు సంగతి రాస్తున్నానని బావకు చెప్పాను.

"తెలుగుల రాస్తే గీడ సదివేటోడు ఎవడున్నడు బామ్మర్దీ? వచ్చే పెళ్లిల బంతి మీద నిలబడి నువ్వే సదువు. మీ అక్క గిన్నెకు సొట్ట పడ్డది, అది గూడ రాయి."

సొట్ట సంగతి రాశాను. పెళ్లి వచ్చే నెలలోనే ఉంది.