ఎర్త్ లేని గీజరు

శ్రీకాకుళంలో మేము అద్దెకి దిగిన ఇంటి పై వాటాలో గీజరు ఉండేది. ఆ రోజుల్లో మా వీధిలో అద్దె వాటాకి గీజరంటే గొప్పే. ఇల్లు చూపించేటప్పుడు ఇంటాయన వంటగదీ పడగ్గదీ దాటేసి, మమ్మల్ని తిన్నగా బాత్రూంలోకే తీసుకెళ్ళారు.

"సిచ్చేసి ఇలగొచ్చి అలగెల్లీసరికి నీలు పొగలొస్తాయమ్మా," అన్నారు, గీజరు వీపు తట్టి.

ఇంటివాళ్ళు కింద వాటాలోనే ఉండేవారు. ఆయనకి ఆమదాలవలస దగ్గర వరి పొలాలున్నాయి. పొద్దున్నే బండి మీద పొలానికెళ్ళి భోజనాల వేళకి వచ్చేసేవారు. ఆయన్ని మావయ్యా అనీ, వాళ్ళావిడని అత్తా అనీ పిలవడం మాకు వారంలోనే అలవాటైపోయింది. అత్త మెట్ల కింద నిలబడి మాట్లాడితే మా మేడ మీద ఆరేసిన బట్టలు కూడా వినేవి.

చలి మొదలయ్యాక ఒక పొద్దున్న నేను స్నానానికి వెళ్ళి కుళాయి మీద చెయ్యి వేశాను. మోచేతి దాకా జివ్వుమంది. బయటికొచ్చి మా ఆయనతో చెబితే, పేపరు మీంచి తలెత్తకుండా, "చలికి తిమ్మిరెక్కి ఉంటుంది," అన్నారు. తరవాత ఆయన వెళ్ళారు. లోపల చెంబు దొర్లిన చప్పుడైంది. ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు సగమే చుట్టుకుని బయటికి వచ్చిపడ్డారు.

"తిమ్మిరేనా?" అన్నాను.

"కరెంటు," అన్నారు.

మావయ్యకి చెప్పాం. వెంటనే పైకొచ్చారు. ఆయనకి మడమలు పగుళ్ళు. ఉత్త కాళ్ళతో నడవొద్దని డాక్టరు చెప్పాడట, ఇంట్లో కూడా హవాయి చెప్పులతోనే తిరిగేవారు. ఆ చెప్పులతోనే బాత్రూంలోకి వెళ్ళి, స్విచ్చి వేయించి, కుళాయిని గేదె కొమ్ము పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నారు. ఏమీ కాలేదు. రెండో చెయ్యి కూడా వేశారు. ఏమీ కాలేదు.

"ఏదమ్మా కరెంటు? నన్నేటీ సెయ్యలేదే!"

"మీ చెప్పులు రబ్బరువి కదా మావయ్యగారూ, అందుకని తెలియట్లేదు. ఒకసారి తీసి ముట్టుకోండి," అన్నారు మా ఆయన.

"డాక్టరొద్దన్నాడు బాబూ. మరి సెప్పులుంటే కొట్టదని మీరే సెప్తన్నారు గదా. మీరూ ఏసుకుని తానం సెయ్యండి. దానికింత గోలేటి?"

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "సదువుకున్నోలకి నరాలు మెత్తన. రోజూ సోడంబలి తాగండి, గట్టిపడతాయి," అన్నారు. సాయంత్రం అత్త నిజంగానే చోడిపిండి, అదే రాగిపిండి, పంపింది.

అంబలి తాగాం గానీ కుళాయి నమ్మలేదు. నీళ్ళు కాగాక గీజరు కట్టేసి, ప్లగ్గు కూడా పీకేసి, అప్పుడు స్నానానికి వెళ్ళేవాళ్ళం. ఎలక్ట్రీషియన్ని మేమే పిలుస్తామంటే మావయ్య ఒప్పుకోలేదు. బాగున్న వస్తువుని విప్పితే పాడైపోతుందట.

అత్త మాత్రం ఆ గీజరు జోలికి ఎన్నడూ వెళ్ళలేదు. ఆవిడకి పెరట్లో రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కాగు ఉండేవి. కార్తీక మాసం ముసురుకి పొయ్యిలోకి దాచిన పుల్లలన్నీ తడిసి ముద్దయిపోయాయి. సోమవారం తెల్లారకముందే చీర భుజానేసుకుని మా తలుపు తట్టింది.

"పాపా, ఈయేళ మీ మిసన్లోన నీలు పోసుకుంటాను. బేగి కాసిచ్చీ."

కాసిచ్చాను. గీజరు కట్టేశాను. "ఇంక స్విచ్చి ముట్టుకోకు అత్తా, షాకు కొడుతుంది. పోనీ ఈ చెప్పులేసుకో," అన్నాను.

"ఓలమ్మ! కార్తీక సోమారం తానం సెప్పులేసుకునా? పాపం తగలదేటే?"

నేను తనకి కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. చేసిన తప్పల్లా ప్లగ్గు పీకకపోవడం. స్విచ్చి బాత్రూం బయట గోడకే ఉంది. మధ్యలో నీళ్ళు చల్లబడ్డట్టున్నాయి, అత్త తలుపు సందులోంచి చెయ్యి చాపి స్విచ్చి వేసేసుకుంది.

నాకు ముందు వినిపించింది కేక. తరవాత మాటలు.

"ఓలమ్మో! ఓ శివయ్యా! తప్పైపోనాది! నిన్న రొయ్యపొడి తిన్నానయ్యా! ఒక్క ముద్దేనయ్యా! కొట్టకయ్యా!"

పరుగెత్తుకెళ్ళి స్విచ్చి కట్టేశాను. తడి చీర చుట్టుకుని వణుకుతూ బయటికొచ్చింది. చెయ్యి బాగానే ఉంది, గుండె కుదురుకోవడానికి మాత్రం కాసేపు పట్టింది. నేను కూర్చోబెట్టి చేతులు రుద్దుతున్నాను. ఇంతలో మా ఆయన నిద్రలేచి వచ్చారు, కేక విన్న మావయ్యా మెట్లెక్కి రానే వచ్చారు.

"కార్తీక మాసంలోన రొయ్యపొడి తిన్నావేటే?" అన్నారు గుమ్మంలోంచే. "నాకు నెల్లాళ్ళూ పప్పే పెట్టి!"

అత్త ఏడుపు టక్కున ఆగిపోయింది. లేచి నిలబడింది.

"పెళ్ళాం కరెంటు తగిలి సచ్చిపోతంటే నీకు రొయ్యపొడి గావాలా? ఇప్పు సెప్పులు."

"ఏటి?"

"సెప్పులిప్పి ఆ కుళాయి ముట్టుకో. నాను సూస్తాను."

మావయ్య నా వైపు చూశారు. మా ఆయన వైపు చూశారు. మేమిద్దరం గోడ వైపు చూశాం. చివరికి చెప్పులు విడిచి, తడి నేల మీద అడుగు పెట్టి, స్విచ్చి వేయమని, ఒక్క వేలితో కుళాయిని అలా తాకారు. అంత వయసు మనిషి అంత ఎత్తు ఎగరడం నేనెప్పుడూ చూడలేదు. కిందికి దిగి, ముందు చెప్పులు వెతికి వేసుకున్నారు.

"ఉన్నాది. సిన్నగా ఉన్నాది," అన్నారు.

అదే రోజు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. గీజరులో కాయిలు చెడిపోయింది. ప్లగ్గుకి మూడు పిన్నులున్నాయి గానీ, మూడోదానికి తీగే లేదు. ఆ మాటకొస్తే ఆ ఇల్లు మొత్తానికే ఎర్త్ లేదు. మెట్ల పక్కన గుంట తవ్వి, రేకు పాతి, బొగ్గూ ఉప్పూ పోసి, అన్ని ప్లగ్గులకీ తీగ లాగాడు. గుంట ఎండిపోకుండా నీళ్ళు పోస్తూ ఉండమని అత్తకి చెప్పి వెళ్ళాడు.

అత్త ఏ పని చేసినా నిష్ఠగానే చేస్తుంది. పొద్దున్నే తులసికి పోసిన చెంబుతోనే గుంటకీ పోసేది. పక్కింటి కొత్తకోడలు గోడ మీంచి చూసి, చేతులు జోడించి, "ఏ దేముడు పిన్నీ?" అని అడిగింది.

"ఎర్తు. దండమెట్టకపోయినా ఏటీ అనుకోదు, నీలు పొయ్యాల."

అప్పట్నించీ ఏటా దీపావళి వెళ్ళగానే అత్త తనిఖీ. ఎలక్ట్రీషియన్ని పట్టుకొచ్చి, టెస్టరు తన చేతిలోకి లాక్కుని, అన్ని వాటాలూ తిరిగేది. మా ఇస్త్రీ పెట్టె తీగ చూసి, "ఇది పాము కుబుసంలాగున్నాది," అని తీసుకుపోయింది, మళ్ళీ ఇవ్వలేదు. పక్క వాటా బ్యాచిలర్లు బకెట్లో వేసుకునే హీటరు రాడ్డుని ఆవిడొస్తోందంటే మంచం కింద దాచేసేవారు. ఆవిడ ముందు మంచం కిందే వంగి చూసేది.

రెండో ఏటికి గ్యాసు కూడా ఆ లెక్కలో చేరింది. ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషి పొయ్యి కట్టేసి, సిలిండరు తెరిచి, గొట్టం మీద సబ్బు నీళ్ళు రాసి చూపించాడు. బుడగలొస్తే గ్యాసు కారుతున్నట్టు. అత్తకి అది తెగ నచ్చేసింది. మా పొయ్యికీ బ్యాచిలర్ల పొయ్యికీ తనే నురగ పూసింది. బుడగ రాలేదు. కాస్త నిరాశపడ్డట్టే కనిపించింది.

ఆ మనిషి బయల్దేరుతుంటే మావయ్య అడ్డం వచ్చారు. "మరి మనింట్లోది సూడవేటే?"

"మనదానికేటి, రోజూ నానే తుడుస్తన్నాను."

"సూడే, ఓపాలి సూడు," అన్నారు మావయ్య.

అందరం వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాం. రెగ్యులేటరు దగ్గర నురగ రాయగానే ఒక బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. ఎలక కొరికిన గాటు. ఆ మనిషి గబగబా సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిపించాడు.

అత్త సబ్బు నీళ్ళ గిన్నె కింద పెట్టేసింది. గొట్టం మార్చేదాకా మావయ్య కూడా నవ్వకుండా ఓర్చుకున్నారు. ఆ పూట వాళ్ళిద్దరికీ అన్నం మా ఇంట్లోనే. వడ్డిస్తుంటే అత్త నెమ్మదిగా, "వొచ్చేడు కిందింటి నుంచే మొదలెడదాం పాపా," అంది. అన్నట్టే చేసింది.