సత్యవతి గారు చదవని కాగితం

ఇవాళ పొద్దున పెరట్లో మోటారుకు గాలి పట్టి, నీళ్లు రాకుండా ఉత్తినే గీపెట్టింది. వేడెక్కిన గ్రీజు వాసన వంటింటి దాకా వచ్చింది. ఎండాకాలంలో ఇది మామూలే, మూత విప్పి కాసిని నీళ్లు పోస్తే సరిపోతుంది. కాని వచ్చే వారం నాకు కంటి ఆపరేషన్. కొన్నాళ్లు వంగకూడదన్నారు. అన్నాళ్లూ ఆ పని మా ఆవిడ కామేశ్వరే చేసుకోవాలి. ఫోన్లో వీడియో చూపిద్దామని పెడితే, అందులో కుర్రాడు "నీళ్లు నింపడం మీకందరికీ తెలిసిందే" అని దాటేశాడు. ఆ మాటకి సత్యవతి గారు గుర్తొచ్చారు.

రాజమండ్రిలో నేను పనిచేసిన పంపుసెట్ల కంపెనీలో ఆవిడ ఆఫీసు మేనేజరు. పంపుతో పాటు రైతులకిచ్చే వివరాల కాగితం రాయడం నా పని, అచ్చుకు పంపేముందు చదవడం ఆవిడ పని. అప్పటికి ఆవిడ పంపును ముట్టుకుని ఎరగరు. నా మొదటి కాగితంలో "గాలి లేకుండా చూసుకుని ఆన్ చేయాలి" అన్న చోట వేలు ఆపారు.

"గాలి కంటికి కనబడుతుందా అండీ?"

"అది అందరికీ తెలుసు కదండీ."

"అందరూ అంటే ఎవరండీ? ఒక్కరి పేరు చెప్పండి."

పట్టుదలకు పోయి, రెండోసారి స్విచ్చు ఎలా నొక్కాలో కూడా రాసి తీసుకెళ్లాను. ఆవిడ నవ్వారు. "మా ఇంట్లో లైటు నేనే వేసుకుంటానండీ. చదివే మనిషికి తెలివుందనుకోండి, పంపు మాత్రం కొత్తనుకోండి." ఆ రోజు డైరీలో ఆ మాట తప్ప ఇంకేమీ రాయలేదు. నా ఉద్యోగమంతా దాని మీదే నడిచింది.

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నా కాగితాన్ని చదవకుండానే వెనక్కిచ్చేశారు. "ఇక నాకివ్వకండి. మూత అనగానే నాకు మూత కనబడిపోతోంది. మీరు రాయనిది కూడా చదివేసుకుంటున్నాను" అన్నారు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా. తర్వాత కొత్తగా చేరినవాళ్లకు చూపించేవాణ్ణి. వాళ్లు మొహమాటానికి తలూపేవారు. ఆవిడలా నిబ్బరంగా "నాకు తెలీదండీ" అన్నవాళ్లు మళ్లీ దొరకలేదు. ఆవిడ పోయి కూడా చాలా కాలమైంది.

సాయంత్రం కామేశ్వరి కోసం ఒక పేజీ రాసిచ్చాను. మోటారు దగ్గర పీట వేసుకుని చదువుతూ, రెండో వాక్యం దగ్గర ఆగింది.

"మూత విప్పాలన్నారు. పైనొకటుంది, కిందొకటుంది. ఏ మూతండీ?"

నాకు ఇన్నేళ్లూ అక్కడ ఒకటే మూత. చెయ్యి చాచి చూపించబోయి ఆగాను.

"మళ్లీ అడుగు" అన్నాను.

"ఏంటండీ, వినపడలేదా?"

"వినపడింది. మళ్లీ అడుగు."

అడిగింది. ఆ ప్రశ్నను చివరిదాకా విని, తిరగరాయడానికి కాగితం వెనక్కి తీసుకున్నాను.