నేను గీసిన అరవై అడుగుల రోడ్డు

మొన్న ఆదివారం మా మేనకోడలి నిశ్చితార్థానికి మోకాళ్ళ దాకా బురదతో వెళ్ళానండీ. నేనొక్కణ్ణే అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. పెళ్ళికొడుకు వాళ్ళని కూడా అలాగే తీసుకెళ్ళాను!

మా అక్కావాళ్ళది ఇబ్రహీంపట్నం దాటాక లోపలికి వెళ్ళే ఓ పల్లెటూరు. భవానీపురంలో మా ఇంటి నుంచి ఏళ్ళ తరబడి వెళ్తున్న దారే. ఆ రోజు ఉంగరం నా దగ్గరుంది. వన్‌టౌన్‌లో సైజు సరిచేయించి తెచ్చే పని మేనమామ హోదాలో నేనే నెత్తిన వేసుకున్నాను. "ముహూర్తం దాటితే మళ్ళీ ఇవాళ మంచి టైమ్ లేదంటున్నారు పంతులుగారు, త్వరగా రారా" అని అక్క పొద్దుటి నుంచి ఒకటే ఫోన్లు.

హైవే ఎక్కామో లేదో జామ్. థర్మల్ స్టేషన్ నుంచి బూడిద లోడుతో వచ్చే లారీ రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. మా వెనక ఎక్కడో పెళ్ళికొడుకు వాళ్ళ కారు కూడా ఇరుక్కుందని అక్క చెప్పింది. ఫోన్ తీసి, నేను ఆఫీసులో వాడే మ్యాప్ యాప్ తెరిచాను. ఎడమ పక్కన కాలవ గట్టు మీదుగా ఒక షార్ట్‌కట్, నేరుగా అక్కావాళ్ళ ఊళ్ళో తేలుతోంది!

"మనం ఎప్పుడూ ఇటు రాలేదుగా?" అంది మా ఆవిడ.

"కొత్తగా వేసుంటారు. చూడు ఎంత వెడల్పుగా చూపిస్తోందో!"

ఆ ఊపులో లింకు తీసి, పెళ్ళికొడుకు వాళ్ళు కూడా ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. 'హైవే జామ్. అందరూ ఈ దారిన రండి.'

గట్టు మీద కాసేపు బాగానే వెళ్ళాం. గట్టు దిగాక డొంక. డొంక సన్నబడుతూ వచ్చి, రెండు పక్కలా మొక్కజొన్న ఆకులు అద్దాలకి రాసుకోవడం మొదలెట్టాయి.

"ఏవండీ, రోడ్డేదీ?"

"ముందుందిలే."

స్క్రీన్ మీద నిజంగానే ముందుంది! ఎడమకి తిరిగే చోట వంపు కూడా ఎంత నున్నగా ఉందో. ఎవరో పని తెలిసినవాళ్ళు గీశారని మెచ్చుకున్నాను కూడా. అంతలో కారు ఆగిపోయింది. రాత్రి వాన పడిందేమో, నల్లరేగడిలో ముందు చక్రాలు రెండూ సగానికి దిగిపోయాయి.

దిగి, బురదలో నిలబడి మళ్ళీ స్క్రీన్ చూశాను. ఆ వంపు ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. ఎక్కడో ఏమిటి, నేనే గీశాను!

నేను చేసేది ఓ ప్లానింగ్ కన్సల్టెన్సీలో. రేపెప్పుడో ఈ పొలాలు కాలనీలైతే రోడ్లెక్కడ, పార్కులెక్కడ అని కంప్యూటర్లో గీసే పని. ఆమధ్య ఇటువైపు ఓ అరవై అడుగుల రోడ్డు గీశాను. ఎవరైనా మార్పులు చేయగలిగే ఉచిత మ్యాప్ ఒకటుంది, నా యాప్ చూసేది దాన్నే. చెయ్యి తిరుగుతుందని అందులో కూడా గీశాను. గీశాక 'ప్రతిపాదన' అని టిక్ పెట్టాలి. ఈలోగా టీకి పిలిచారు, టిక్ మర్చిపోయి సేవ్ కొట్టి వెళ్ళిపోయాను. మ్యాప్ లెక్కలో ఆ క్షణం నుంచే రోడ్డు రెడీ.

గ్రూపులో మెసేజ్ డిలీట్ చేద్దామని ఫోన్ తీశానో లేదో, వెనక హారన్! పెళ్ళికొడుకు వాళ్ళు. వాళ్ళ కారు నా కారు వెనకే వచ్చి, నాకంటే లోతుగా దిగబడింది. పెళ్ళికొడుకు తండ్రి సుబ్బారావు గారు పట్టుపంచె ఎత్తి పట్టుకుని దిగారు. పెళ్ళిచూపులప్పుడు నేను ఊళ్ళో లేను, ఆయన నన్ను చూడటం అదే మొదలు.

"సారీ అండీ, నేనే లింకు పెట్టాను" అన్నాను.

"మీ తప్పేముంది బాబూ! మ్యాప్‌లో ఉంది కాబట్టి పెట్టారు. లేని రోడ్డుని మ్యాప్‌లో ఎక్కించిన ఆ వెధవననాలి!"

"అవునండీ, బొత్తిగా బాధ్యత లేదు" అన్నాను. మా ఆవిడకి ఉద్యోగం సంగతి తెలుసు కదా, చప్పున మొక్కజొన్న వైపు తిరిగి నిలబడింది.

"ఉద్యోగంలోంచి పీకేయాలి అలాంటివాళ్ళని!"

"పీకేయాల్సిందేనండీ."

పక్క పొలం రైతు ట్రాక్టరు తెచ్చి రెండు కార్లూ బయటికి లాగి, ఊళ్ళోకి అసలు దారి చూపించాడు. పంతులుగారు గడియారం వైపు, అక్క గుమ్మం వైపు చూస్తుండగా లోపలికి పరిగెత్తాం. ముహూర్తానికి ఉంగరం వేలికెక్కింది. 

భోజనాల దగ్గర సుబ్బారావు గారు నన్ను పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరం కలిసి బురదలో నిలబడ్డవాళ్ళం కదా, బాగా కలిసిపోయాం. అక్క నెయ్యి వడ్డిస్తూ మమ్మల్ని చూసి మురిసిపోయింది.

"మా తమ్ముడి ఉద్యోగం గురించి చెప్పనేలేదు కదూ అన్నయ్యగారూ! ఇటువైపు కొత్త రోడ్లన్నీ మ్యాప్‌లో గీసేది వీడే!"

ఆయన చెయ్యి ముద్దపప్పు దగ్గర ఆగిపోయింది. నన్ను చూశారు. తన పంచె అంచు చూసుకున్నారు. నేను ఆవకాయ కలుపుకోవడంలో మునిగిపోయాను. తర్వాత ఆయన అక్క వైపు తిరిగి, చాలా మర్యాదగా అన్నారు:

"అమ్మా, శుభలేఖ వెనకాల రూట్ మ్యాప్ వేస్తారు చూడండి, అది మాత్రం మేం వేయిస్తాం."

నేను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నానండీ. పెళ్ళికి నేనూ దారి తప్పకుండా చేరాలి కదా మరి!