కుట్టిన మోకాలితో గుట్ట మీదికి

శంషాబాద్‌లో నేను కిరాయికి ఉండే ఇంటివాళ్ల సొంతూరు పక్కనే ఉన్న పాల్మాకుల. ఇంటావిడ కూతురు డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఒక మ్యాచ్‌లో బంతి కోసం గిర్రున తిరగబోతే ఒళ్లు తిరిగింది కానీ గడ్డిలో దిగిన బూటు తిరగలేదు. తెల్లారేసరికి మోకాలు వాచిపోయింది. వంగిన కాలు చాపడానికి రాలేదు.

ఆస్పత్రికి నా కారులోనే వెళ్లాం. మోకాలిలో రెండెముకల మధ్య నెలవంకలా ఉండే మెత్త చిరిగి, ఆ ముక్క మడతపడి ఇరుక్కుందన్నాడు డాక్టరు.

"కత్తిరిస్తె జల్ది ఆడొచ్చు కద సార్?" అని అడిగింది అమ్మాయి. మూడు నెలల్లో రాష్ట్ర జట్టు ఎంపికలున్నాయి.

"ఆడొచ్చు. కానీ తీసేసిన ముక్క మళ్లీ పెరగదు. కొన్నేళ్లకే ఎముకలు అరగడం మొదలవుతుంది. నీ వయసుకు కుట్టడమే మంచిది. అయితే నెలన్నర దాకా ఆ కాలి మీద బరువు పడకూడదు."

కుట్టాడు. ఇంటికొచ్చిన వారానికే నొప్పి పోయింది. అమ్మాయి చంక కర్రలతో వాకిట్లో తిరుగుతుంటే తల్లి ముఖం విప్పారింది. ఆపరేషన్‌నాడు ఆమె గుట్ట మీదున్న పహాడీ షరీఫ్ దర్గాకు మొక్కుకుంది, బిడ్డను గుట్టెక్కిస్తానని. బేస్తవారం నన్ను కారు తీయమంది. పిల్ల కిందే కూర్చుంటుంది, తల్లి ఎక్కుతుంది అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

గుట్ట కింద వాళ్లను దింపి, కారు నీడకు పెట్టి వచ్చాను. పూలమ్మే ఆవిడ బుట్ట పక్కన చంక కర్రలు ఆనించి ఉన్నాయి.

"అమ్మా, ఇవి ఎవరివి?"

"గా పోరివే. మొక్కు కర్రల మీద ఎక్కుతరా అని నాకాడ పెట్టి పోయిన్రు."

మెట్ల వైపు పరుగెత్తాను. మెట్లెక్కుతూ సగం దూరం పోయేసరికి వాళ్లు దిగుతూ ఎదురయ్యారు. అమ్మాయి నవ్వుతోంది.

"ఏంది సార్, గట్ల ఉరుకొస్తున్నరు? నొప్పే లేదు. మొక్కు బాకీ పెట్టుకొని గ్రౌండ్ల కాలు పెడ్తనా?"

అంటూనే ఇంకో మెట్టు దిగింది. లోపల ఏదో కదిలినట్టు ఆగిపోయింది. గోడ పట్టుకుంది. నవ్వు అలాగే ఉంది, ముఖం మాత్రం పాలిపోయింది.

"సార్... మళ్ల ఇరికింది."

తల్లీ నేనూ చెరోవైపు పట్టుకుని దింపాం. ఆస్పత్రి దారి పొడుగునా తల్లి ఆ డాక్టర్నే తిట్టింది, సరిగ్గా కుట్టలేదని.

ఈసారి తల్లి మందుల షాపు దగ్గరుంటే నాకూ అమ్మాయికీ మాత్రమే స్క్రీన్ మీద చూపించాడు డాక్టరు. కుట్లు తెగాయి. మెత్త పీలికలయింది. ఇక కుట్టడానికి అంచు మిగల్లేదు, కత్తిరించాల్సిందే. "మెట్లు గాని ఎక్కావా?" అన్నాడు. అమ్మాయి తల దించుకుంది. బయటికొస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మకు చెప్పకుర్రి సార్. సచ్చిపోతది."

కత్తిరించాక మర్నాడే నడిచింది. రెండు నెలలు తిరగకముందే గ్రౌండులో దిగింది. ఎంపికల్లో పేరొచ్చింది. వాడకట్టంతా మిఠాయిలు పంచారు. నాకిచ్చిన లడ్డు చేతిలోనే ఉంది.

"సూసిన్రా సార్, కుట్టినోనితోని కానిది మొక్కుతోని అయింది," అంది తల్లి, ఇంకో లడ్డు నా చేతిలో పెడుతూ. "పేరొస్తె మళ్ల గుట్టెక్కిస్తనని మొక్కిన. ఈ బేస్తారం కారు తీస్తరా?"

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె బూట్ల లేసులు విప్పుతోంది. తలెత్తలేదు.

"ఈపారి నువ్వెక్కు అమ్మా," అంది. "నేను సార్‌తోని కింద కూసుంట."